మా బావ ఊపిరి, నాలుగూళ్ల మైకు

మా బావ మునెయ్యకు లోకంలో సొంతమని చెప్పుకోదగ్గవి మూడే ఉన్నాయి: కాస్త చెరకు తోట, దాని పక్కన బెల్లం పొయ్యి, అర్జునుడి వేషం. మొదటి రెండూ వాళ్ల నాయన ఇచ్చిపోయినవి. మూడోది ఆయన సంపాదించుకున్నది. చెరకుకు తెగులు తగిలినా, పాకం చెడినా "పోనీలేప్పా" అని ఊరుకునే మనిషే, అర్జునుడి మాట ఎత్తితే మాత్రం మీసం సవరించుకుంటాడు.

నేను ఆయనకు బామ్మర్దిని. పేరు ధనశేఖర్. ఆయన అర్జునుడైన నాటకంలో నేను బఫూన్‌ని. జనాన్ని నవ్వించడం నా పని, బావని ఏడిపించడం నా హక్కు. కాబట్టి ఇందులో ఎక్కడైనా నేను ఆయన్ని మెచ్చుకున్నానంటే, గతిలేక మెచ్చుకున్నానని అర్థం చేసుకోండి.

మా కార్వేటినగరం చుట్టుపక్కల ఎండలు ముదిరాయంటే ధర్మరాజుల గుళ్లలో భారతం మొదలవుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం, పద్దెనిమిది రోజులు ఊరంతా అదే ధ్యాస. అన్నిట్లోకీ జనం విరగబడేది అర్జునుడి తపస్సు నాడు. గుడి ముందర పెద్ద తాటిమాను పాతుతారు. దానికి మెట్లు కొట్టి, కొసన మంచె కడతారు. పాశుపతం కోసం తపస్సుకు పోయే అర్జునుడు కాషాయం చుట్టుకుని, జడలు పెట్టుకుని, భుజాన జోలెతో ఆ మాను ఎక్కాలి. ఊరికే ఎక్కితే కోతి కూడా ఎక్కుతుంది. ఈయన పద్యాలు పాడుతూ ఎక్కాలి. కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో నేల మీద బోర్లా పడుకుంటారు. వరపడటం అంటాం దాన్ని. పైనుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయ అందితే ఇంట్లో ఉయ్యాల ఊగుతుందని నమ్మకం.

మధ్యలో అర్జునుడు ఆగి ఊపిరి తీసుకుంటే, అంతసేపూ కింద బఫూన్ నాలుగు మాటలు చెప్పి జనాన్ని మరిపించాలి. బావ వయసులో ఉన్నప్పుడు నాకు తుమ్మేంత సందు కూడా దొరికేది కాదు. తర్వాత తర్వాత ఒక సామెత, ఒక పిట్టకథ, ఒక పాట చొప్పున నా వాటా పెరుగుతూ వచ్చింది. నాకు పేరు వస్తోందని మురిసిపోయానే గానీ, బావకు ఊపిరి తగ్గుతోందని తట్టలేదు.

పోయినేడు ఆ సంగతి నాలుగూళ్లకు తెలిసిపోయింది. గుడి కమిటీ పెద్ద పరంధామయ్యకు కొత్త వస్తువులంటే మోజు. చిత్తూరు నుంచి సౌండు సర్వీసు రూపేష్‌ని పిలిపించి, చొక్కాకు తగిలించే బుడ్డ మైకు బావ కాషాయానికి పెట్టించాడు. గుడి దగ్గరే కాకుండా చుట్టూ నాలుగూళ్లకూ హారన్లు కట్టించాడు. బావ సగం మాను ఎక్కాడు. పద్యం ఆగింది. మైకు ఆగలేదు. కమ్మరి తిత్తి ఊదినట్టు ఆయన రొప్పు నాలుగూళ్ల మీదా ఊగింది. నేను మాటలు మొదలుపెట్టేలోపు హారన్లలోంచి బావ గొణుగుడు స్పష్టంగా వినిపించింది.

"ఎవుడ్రా ఈ మానుకు ఇన్ని మెట్లు కొట్టింది? వాని చేతులు ఇరగ."

మెట్లు కొట్టింది నేనే. జనం నవ్విన నవ్వుకు మాను కదిలిందంటే నమ్మండి. ఆ నవ్వుల్లోనే బావ మిగిలిన పద్యాలు సగం మింగేసి, ఎలాగో పైకి చేరి, నిమ్మకాయలు విసిరేసి దిగాడు. ఆ తర్వాత వారమంతా ఊళ్లో ఆయన ఎదురుపడితే పలకరింపుకు బదులు రొప్పు. పాల కేంద్రం దగ్గర రొప్పు, బస్సు కండక్టరు నోట రొప్పు. ఆఖరికి మా అక్క నాగవేణి కట్టేసిన ఆవు రొప్పినా బావ ఉలిక్కిపడి చూసేవాడు.

పరంధామయ్య ఇంటికే వచ్చి, మజ్జిగ తాగి, మెల్లిగా విషయం చెప్పాడు.

"మునెయ్యా, తాటిచెట్టెక్కే వాణ్ణి ఎంతదాకా ఎగదోస్తామప్పా. వచ్చే ఏడు గూడా నువ్వే ఎక్కు, కాదనలే. సగంలో ఆగినావంటే మాత్రం ఆ తర్వాత వేషం ఇంగొగరికి ఇచ్చేస్తాం. గూడూరులో నరేంద్ర అని ఒగ పిల్లోడు ఉండాడు. కండలు సూస్తే నీకే ముద్దొస్తాది."

పరంధామయ్య పోయాక బావ అటక మీది నుంచి జడల మూట దించి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ జడలకు ఏటా ఆయనే నూనె రాస్తాడు. నాకు జాలేసింది. జాలేసిందని తెలిస్తే నా హక్కు పోతుందని, "బావా, జడలు నీకంటే బాగుండాయి, వాటినే ఎక్కిస్తే సరి" అన్నాను. ఆయన నవ్వలేదు.

మర్నాటి నుంచి పరుగు మొదలైంది. ఊరి వెనక గుట్ట ఉంది. దాని మీదికి పంచె ఎగ్గట్టి ఒక్క దమ్మున ఉరకడం, దిగడం, మళ్లీ ఉరకడం. రోజూ అదే. నోట్లో నురగ వస్తేనే ఆ రోజు పని చేసినట్టు లెక్క. గుర్రం ఉలవలు తిని పరిగెత్తుతుందని ఎవరో చెబితే, ఉలవగుగ్గిళ్లు, ఉలవచారు, ఉలవ కషాయం పట్టాడు. ఊళ్లో ఉలవలు అయిపోయాయి. బావకు ఊపిరి మాత్రం పెరగలేదు. బెల్లం కాలం వచ్చేసరికి మిద్దె మెట్లు ఎక్కినా ఆయాసపడుతున్నాడు. నిద్ర లేదు, జలుబు వదలదు, కాళ్లు తడిసిన దుంగల్లా ఉన్నాయంటాడు. ఒకనాడు పెనం ముందు కునుకు తీసి పాకమంతా మాడబెట్టాడు. మాడు వాసనకు మా అక్క పరిగెత్తుకొచ్చింది.

"పరిగెత్తి పాలు తాగేదానికన్నా నిలబడి నీళ్లు తాగేది మేలంటారు. ఈయప్ప పరిగెత్తి నురగ తాగతా ఉండాడు. నా వల్ల కాదురా ధనా, జాహ్నవికి ఫోన్ చెయ్యి" అంది.

జాహ్నవి మా చెల్లెలి కూతురు. తిరుపతిలో యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఎలుకల్ని తిరిగే బెల్టు మీద పరిగెత్తించి, వాటి కండల్లో ఏమవుతోందో చూడటం దాని చదువు. ఎలుకల్ని పరిగెత్తించడం మా ఇంట్లో తాతల నాటి నుంచీ ఉన్నదే. దానికి డాక్టరు పట్టా ఇస్తారని మాకెవరూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున బస్సు దిగి నేరుగా బెల్లం పొయ్యి దగ్గరికే వచ్చింది. బావ వేలికి ఏదో క్లిప్పు తగిలించింది. గుట్ట మొదటి దాకా నడిపించింది, పరిగెత్తించింది, కూర్చోబెట్టింది. చెరకు రసం తాగుతూ అడిగింది.

"రోజూ ఇట్లే ఉరుకుతా ఉండావా పెద్దనాయనా?"

"రోజూనే. ఒగ దినం గూడా తప్పలేదు."

"అదే తప్పు. సూడు, మన కండల్లో కంటికి కనబడని బుడ్డ బుడ్డ పొయ్యిలుంటాయి. మైటోకాండ్రియా అంటారు. తినే తిండిని పీల్చే గాలితో కాల్చి మనకు బలం ఇచ్చేది అవే. వయసైపోయే కొద్దీ, కదలకుండా కూర్చునే కొద్దీ అవి తగ్గిపోతాయి, ఉన్నవి గూడా మందగిస్తాయి. నువ్వు మాను ఎక్కేటప్పుడు కాళ్లు బలం అడగతాయి. పొయ్యిలు సాలవు. అందుకే రొప్పు."

బావ పెనం కింది మంటను చూసి, తన తొడ వంక చూసుకున్నాడు.

"నాకు ఎన్ని మిగిలుండాయి?"

"లెక్కపెట్టల్లంటే తొడలో నుంచి రొంత కండ తీయల్ల."

బావ పంచె పైకి లాగి తొడ చాపాడు. "తీయి" అన్నాడు.

"ఈడ కత్తి లేదులే పెద్దనాయనా. వాటిని పెంచుకోవచ్చు, ఈ వయసులో గూడా. కానీ రోజూ ఒళ్లు విరగ్గొట్టుకుంటే కొత్తవి పుట్టేదానికి సందు యాడిది? ఉన్నవే అలిసిపోతాయి. నిదానంగా, చానా సేపు నడువు. వారానికి ఒగ దినమో రెండు దినాలో గుట్ట మీద గట్టిగా ఉరుకు. రెండూ కావల్ల. జాస్తి భాగం మాత్రం నిదానమే."

"నిదానం అంటే ఎంత నిదానం?"

"నడస్తా ఆయాసం లేకుండా మాట్లాడగలగల్ల."

"మీ పెద్దనాయన మాట్లాడడమ్మా, పద్యం పాడతాడు" అన్నాను నేను.

జాహ్నవి ముఖం వెలిగిపోయింది. "అంతకంటే ఏం కావల్ల మామా? పద్యం మధ్యలో తెగిందంటే వేగం జాస్తి అయినట్టు. తగ్గించేది. అంతే."

బావకు ఇది అవమానంగా తోచింది. పాశుపతానికి బయలుదేరినవాడు పెళ్లి భోజనానికి పోయినట్టు తీరిగ్గా నడవడమేమిటి? "నురగ రాకుంటే పని చేసినట్టేనా?" అని రెండుసార్లు అడిగాడు. "మా ఎలుకలు నీకంటే మేలు పెద్దనాయనా, చెప్పినట్టు వింటాయి" అని అది బస్సెక్కి వెళ్లిపోయింది. బావని ఒంటరిగా వదిలితే మళ్లీ పరుగు తీస్తాడని, తోడుగా నన్ను నడవమని అక్క హుకుం జారీ చేసింది. నాకూ ఒక పొట్ట ఉందని, దానికీ పొద్దున నిద్ర కావాలని ఎవరూ అడగలేదు.

అలా తెల్లారగానే కార్వేటినగరం రోడ్డు మీద మా నడక మొదలైంది. బావకు నోరు విప్పితే వచ్చేవి తపస్సు పద్యాలే. కల్వర్టు దగ్గర పద్యం ఎత్తుకుంటాడు. మొదట్లో అది కల్వర్టు దాటకుండానే తెగేది. ఆయన గింజుకునేవాడు. నేను వెనక నుంచి పంచె పట్టుకుని లాగేవాణ్ణి. పక్క నుంచి బర్రెలు కూడా మమ్మల్ని దాటిపోయేవి. అర్జునుడి ముఖం చూడాలి అప్పుడు.

అసలు తమాషా పక్క ఊళ్లో జరిగింది. పొద్దున్నే పద్యం పాడుకుంటూ ఆ ఊరి కొళాయి ముందు నుంచి పోతున్నాం. వసంతమ్మ అనే పెద్దావిడ కోడలితో నీళ్లు పడుతోంది. తపస్సు పద్యం, అదీ మునెయ్య గొంతు, చెవిన పడింది. అంతే. చేతిలోని బిందె నీళ్లు కోడలి నెత్తిన గుమ్మరించి, ఆ పిల్లను మా ముందర తారు రోడ్డు మీద వరపడమంది. ఆ పిల్ల పడింది. పుత్తూరు బస్సు వచ్చి ఆగింది. బస్సులోంచి ఇద్దరు దిగి, సీసాల్లో నీళ్లు నెత్తిన పోసుకుని వాళ్లూ పడుకున్నారు. కండక్టరు ఈల ఊదుతున్నాడు. బావ ఒంటి కాలి మీద నిలబడిపోయాడు. వరపడ్డవాళ్లను దాటకూడదు, చేతిలో చూస్తే నిమ్మకాయ లేదు.

"అర్జునుడై ఉండి నిమ్మకాయ లేకుండా వస్తావా మునెయ్యా?" అని వసంతమ్మ నిలదీసింది.

నేను బఫూన్‌ని కదా, బుర్ర చురుగ్గా పనిచేసింది. బస్సు ముందర మిరపకాయలతో కట్టిన నిమ్మకాయ విప్పబోయాను. "అది దిష్టికాయరా, నా కోడలికి దిష్టికాయ ఇస్తావా?" అని వసంతమ్మ ఖాళీ బిందె ఎత్తింది. నా ప్రాణం కాపాడింది బస్సు వెనక సీట్లోని గూడూరు నిమ్మకాయల వ్యాపారి. సంతకు మూట తీసుకుపోతున్నాడు. మూట విప్పి దోసెడు కాయలు కిటికీలోంచి అందించాడు. బావ పద్యం పూర్తి చేసి, కళ్లు మూసుకుని విసిరాడు. బస్సు కదిలింది.

మర్నాడు ఆ కొళాయి దగ్గర పదిమంది తడిబట్టలతో సిద్ధం. బావ పద్యాలు మార్చి చూశాడు. దుర్యోధనుడి పద్యం ఎత్తుకుంటే "ఏమప్పా, ఆ పక్కకు పోయినావా?" అని అరుగుల మీది నుంచి తిట్టారు. పాడకుండా నడిస్తే కాళ్లు వాటంతట అవే పరుగందుకునేవి. ఇక లాభం లేదని మళ్లీ తపస్సుకే వచ్చి, నిమ్మకాయల సంచి నా భుజానికి తగిలించాడు. అక్క ఊరగాయకు తెచ్చుకున్న కాయలు అలా మాయమయ్యాయి. ఈ ఏడు మా ఇంట్లో ఊరగాయ లేదు, ఆ మాట ఇప్పటికీ భోజనానికి కూర్చున్నప్పుడల్లా వింటున్నాను.

నిమ్మకాయ అందిన వాళ్లు ఊరికే పోలేదు. "ఇంగో పద్యం పాడప్పా" అంటూ మాతోబాటే నడవడం మొదలుపెట్టారు. కోళ్లు, కుక్కలు, కోడళ్లు, అత్తలు. వారంలో రెండు రోజులు మాత్రం గుట్ట. ఆ రోజు పద్యం లేదు, నిమ్మకాయ లేదు, రొప్పే. ఆ రోజు మా వెంట కుక్క కూడా వచ్చేది కాదు.

మామిడి పూత రాలి పిందె పడేసరికి ఒక సంగతి గమనించాను. కల్వర్టు దగ్గర ఎత్తుకున్న పద్యం కల్వర్టు దాటింది. తర్వాత చింతచెట్లు దాటింది. కాయలు ముదిరే వేళకు, అదే ఊపిరితో, రాగం తీస్తూ తీస్తూ మామిడి రసం ఫ్యాక్టరీ గేటు దాకా పోయింది. గేటు ముందు వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. పైగా ఇప్పుడు బర్రెల్ని మేమే దాటుతున్నాం. నా పంచె కూడా వదులైంది, అది వేరే బాధ.

తపస్సుకు ముందురోజు సాయంత్రం బావ బెల్లం పొయ్యి గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ధనా, రేపు ఆగినానంటే నేనేమైతాను?"

"చెరకు రైతువు అవుతావు."

"ఇప్పుడు గూడా అదే కదరా."

"ఇప్పుడు చెరకు పండించే అర్జునుడివి బావా" అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో తెలీదు. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరికీ సిగ్గేసి, లేచి ఎవరి పని వాళ్లం చూసుకున్నాం.

తపస్సు నాడు మైదానం నిండింది. పోయినేడు రొప్పు విన్నవాళ్లు చుట్టాలను కూడా వెంటబెట్టుకొచ్చారు. పరంధామయ్య ఎందుకైనా మంచిదని గూడూరు నరేంద్రను ముందే రప్పించి, గుడి అరుగు మీద నల్లద్దాలతో కుర్చీలో కూర్చోబెట్టాడు. జాహ్నవి తిరుపతి నుంచి వచ్చి అక్క పక్కన నిలబడింది. నేను ముఖానికి సున్నం పూసుకుని, బావ ఊపిరి తీసుకునే సందులో చెప్పడానికి కొత్త పిట్టకథలు నాలుగు సిద్ధం చేసుకున్నాను. రూపేష్ అదే బుడ్డ మైకు కాషాయానికి తగిలించాడు. హారన్లు నాలుగూళ్లకూ ఉన్నాయి.

బావ ఎక్కాడు. తొందర లేదు. మెట్టు, పద్యం, రాగం, మళ్లీ మెట్టు. సగం మానుకు వచ్చాడు. పోయినేడు ఆగిన చోటే పద్యం ముగిసింది. జనం హారన్ల వైపు చూశారు. నేను పిట్టకథ కోసం నోరు తెరిచాను.

హారన్లలో ఏమీ లేదు. రొప్పు లేదు, గొణుగుడు లేదు. ఎక్కడో కాకి అరిచింది.

పరంధామయ్య అరుగు మీది నుంచి దూకినంత పని చేశాడు. పంచె పట్టుకుని మైదానానికి అడ్డంగా పరిగెత్తి రూపేష్ పెట్టె మీద పడ్డాడు.

"మైకు పోయినాదిరా, సూసుకోవా?"

"యాడ పోయిందన్నా? లైటు ఎలగతానే ఉండాది సూడు."

"మరి రొప్పు యాడ?"

రూపేష్ చెప్పేలోపే ఆయన బల్ల మీది చేతిమైకు లాక్కున్నాడు. "మునెయ్యా... హుఁ... ఆగప్పా... హుఁ హుఁ... మైకు... హుఁ... పోయినాది." ప్రతి హుఁకారమూ నాలుగూళ్ల మీదుగా పోయి, గుట్టకు తగిలి వెనక్కి వచ్చింది.

అప్పుడు హారన్లలో, అరుగు మీద కూర్చుని మాట్లాడినంత మామూలుగా, బావ గొంతు వినిపించింది.

"మైకు బాగుండాది పరంధామన్నా. నేను గాలి పీల్చుకుంటా ఉండా, అంతే. ఆ రొప్పేది ఎవరప్పా?"

ఆ నవ్వు ఎంతసేపు సాగిందో చెప్పలేను. అరుగు మీద నరేంద్ర కూడా అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. జాహ్నవి మా అక్క భుజం మీద తల పెట్టి పడీ పడీ నవ్వింది. నవ్వు తగ్గాక బావ తర్వాతి పద్యం ఎత్తుకున్నాడు. పోయినేడు మింగినవి ఒక్కటీ వదల్లేదు. పైకి చేరాక పెద్దవాళ్లు మరిచిపోయిన పద్యాలు కూడా తీశాడు. నిమ్మకాయలు అయిపోయినా దిగలేదు. వసంతమ్మ కోడలి చేతిలో కాయ పడటం నేను చూశాను. నా పిట్టకథలు నాలుగూ నా దగ్గరే మిగిలాయి. బఫూన్‌కి పని లేకపోతే బాధపడాలి. నేను మాను మొదట్లో నిలబడి ఏడ్చాను. సున్నం కారి నోట్లోకి వచ్చింది. నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

దిగే ముందు బావ అదే మైకులో చెప్పాడు. "రేపు తెల్లారి నడక ఉండాది. వచ్చేవాళ్లు రండప్పా."

మర్నాడు కల్వర్టు దగ్గర పరంధామయ్య కనిపించాడు. కాళ్లకు కొత్త బూట్లు, నెత్తిన మఫ్లరు. "ఊరికే, పొలం సూసేదానికి పోతా ఉండా" అన్నాడు. ఆ దిక్కున ఆయనకు పొలం లేదు. నేను నోరు తెరవబోతే బావ నా చెయ్యి గిల్లాడు. ముగ్గురం నడిచాం. కాసేపయ్యాక పరంధామయ్య గొంతు సవరించుకుని, తనకొచ్చిన ఒకే ఒక్క పద్యం ఎత్తుకున్నాడు. సగం పాదానికే తెగింది.

బావ నడక నిదానం చేశాడు.